ఫోటో వెనక రాయని పేర్లు



పెత్రమాస నాడు మా తూంకుంట, శామీర్‌పేట వైపు ఇళ్ళల్లో గోడ మీది ఫోటోలు కిందికి దిగుతాయి. ఏడాదిగా పట్టిన దుమ్మును తడిబట్టతో తుడిచి, అద్దం మీద బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. పొద్దున అయ్యగారికి బియ్యం ఇచ్చేటప్పుడు తాత పేరు, ముత్తాత పేరు, అవ్వ పేరు వరసగా చెప్తారు. సాయంత్రం ఆడవాళ్ళు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుంటారు. పోయినవాళ్ళను పేరు పెట్టి తలుచుకునే రోజు అది. సరిగ్గా ఆ రోజే కొన్ని ఇళ్ళల్లో ఒక లోటు బయటపడుతుంది. ఫోటో ఉంటుంది, అందులోని మనిషి పేరు ఎవరికీ తెలియదు. "మా తాతకు ఏదో వరస అయితడట" అంటారు. దండ వేస్తారు గానీ, బియ్యం ఇచ్చేటప్పుడు ఆ మనిషి పేరు మాత్రం రాదు.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ ఫోటోల గురించి. మనిషి ముఖాన్ని పట్టుకునేంతవరకే కెమెరా పని. ఆ ముఖం ఎవరిది, ఆ రోజు ఏం జరిగింది, పక్కన నిలబడ్డ పిల్ల ఏమైంది అనేది ఆ ఫోటోను చేతిలో పట్టుకుని చెప్పే మనిషి దగ్గర ఉంటుంది. ఆ మనిషి పోతే ఫోటో మూగదైపోతుంది. మా ఊళ్ళో ఇప్పుడు ఇదే జరుగుతోంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని అల్వాల్, బొల్లారం, హకీంపేట దాటితే తూంకుంట వస్తుంది. ఒకప్పుడు చుట్టూ చెల్కలు, మోటబావులు ఉన్న పల్లె. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోకి వచ్చింది. తర్వాత పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయింది. చెల్కలు వెంచర్లయ్యాయి. రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్ళు, రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు. పెళ్ళి కావలసిన జంటలు శామీర్‌పేట చెరువు వైపు వచ్చి డ్రోన్లు ఎగరేసి ప్రీ వెడ్డింగ్ షూట్లు చేయించుకుంటారు. మా ప్రాంతంలో రోజూ తీసే ఫోటోలకు లెక్కలేదు. మరోవైపు పాత పెంకుటిళ్ళు కూలుతున్నాయి. ఇల్లు విప్పేటప్పుడు దూలాలు, దర్వాజలు జాగ్రత్తగా దించి పెడతారు, వాటికి రేటు ఉంటుంది. గోడ మీది ఫోటోలు మాత్రం ఒక సంచిలో పడి కొత్త ఇంటి సజ్జ ఎక్కుతాయి. చాలా ఫోటోలు ఆ సజ్జ మీదే చెదల పాలవుతాయి.

ఈ దారికి ఫోటోతో పరిచయం చాలా పాతది. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టుకున్నాడు. 1880ల మధ్యలో హైదరాబాద్ రాజ్యానికి వచ్చి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. అక్కడి నుంచి తూంకుంటకు సుమారు ఇరవై కిలోమీటర్లు. 'రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్' అని నిజాం బిరుదు ఇచ్చాడు. దేశంలో ఆ కాలపు ఫోటోగ్రాఫర్లలో అంత పేరు వచ్చినవాళ్ళు అరుదు.

ఆ రోజుల్లో ఫోటో దిగడం అంటే ఒక కార్యం. చెక్కతో చేసిన పెద్ద కెమెరా, దాని వెనక నల్లబట్ట, లోపల గాజు పలక. కూర్చున్న మనిషి కదిలితే పలక చెడిపోతుంది. అందుకే ఆనాటి ముఖాలు అంత బిగుసుకుని, గంభీరంగా కనిపిస్తాయి. కెమెరా ముందు నవ్వే అలవాటు కూడా అప్పటికి రాలేదనుకోండి. ఫోటో అంటే రేపటివాళ్ళు చూసేదని వాళ్ళకు తెలుసు. ఆ ఎరుక వాళ్ళ కళ్ళల్లో ఉంటుంది.

దీన్‌దయాళ్ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది 1892 నాటిది. హైదరాబాద్‌లో ఆయన ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందు కూర్చోలేరు కాబట్టి, కెనీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు ఆ స్టూడియో అప్పజెప్పాడు. ఇందులో వ్యాపారం ఉంది, కాదనను. కానీ ఎదుట ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి కూర్చున్న మనిషి ముఖం మారుతుందని ఆయనకు బాగా తెలుసు. తనకు అందని ముఖాలను ఇంకొకరి చేత తీయించాడు. ఆ స్టూడియో లేకపోతే ఆ తరం ఆడవాళ్ళలో ఎందరో ఏ పలక మీదా నిలిచేవారు కాదు.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. నూరేళ్ళు దాటిన గాజు పలకలు పగలకుండా నిలిచాయంటే వాటిని కాపాడినవాళ్ళకు దండం పెట్టాలి. అయితే ఆయన తీసిన దర్బారు ఫోటోలు, వేట ఫోటోలు ఎప్పుడైనా పుస్తకంలో చూస్తే ఒకటి గమనించండి. కుర్చీలో కూర్చున్న నవాబు పేరు తెలుస్తుంది, పక్కనున్న దొర పేరు తెలుస్తుంది. వెనక గొడుగు పట్టుకున్నవాడి పేరు, గుర్రం కళ్ళెం పట్టుకున్నవాడి పేరు మనకు అందలేదు. గాజు మీద వాళ్ళ ముఖం నవాబు ముఖమంత స్పష్టంగానే ఉంటుంది. పేరు మాత్రం ఎవరూ రాయలేదు.

తర్వాతి రోజుల్లో స్టూడియో మామూలు జనానికి దగ్గరైంది. మా వైపు పల్లెల నుంచి పెండ్లయిన జంటలు బస్సెక్కి సికింద్రాబాద్ పోయి ఫోటో దిగి వచ్చేవాళ్ళు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయపడే ముసలివాళ్ళు కూడా కొడుకు పెండ్లికి ఒప్పుకునేవాళ్ళు. స్టూడియోలో గోడకు ఒక అద్దం, దాని కింద దువ్వెన, పౌడర్ డబ్బా. కొక్కేనికి ఒక కోటు, ఒక టై, అవి స్టూడియోవే, అందరికీ అవే. వెనక రంగులేసిన పరదా, దాని మీద మేడ మెట్లో, తోటో, సరస్సో. ఫోటోగ్రాఫర్ వచ్చి గడ్డం పట్టుకుని కొంచెం పక్కకు తిప్పేవాడు, భుజం సర్దేవాడు, "రెడీ, కదలకండి" అనేవాడు. ఆ తర్వాత చీకటి గదిలో కడిగి, నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో మచ్చలు, ముడతలు దిద్దేవాడు. వారం పోయాక వస్తే అట్టకు అంటించిన ఫోటో చేతికి వచ్చేది. ఇంటికి తెచ్చి పటం కట్టిస్తే ఆ ఇంట్లో మూడు తరాలు నిలిచేది.

ఆ కోటును చూసి కొందరు ఇప్పుడు నవ్వుతారు. నాకు అందులో నవ్వే విషయం కనపడదు. ఎండలో నాగలి పట్టిన మనిషి జీవితంలో ఒక్క పూట తనను తాను ఎలా చూసుకోవాలనుకున్నాడో అలా చూసుకున్నాడు. కోటు అరువుదైనా ఆ కోరిక అతనిదే.

అప్పటికి కూడా స్టూడియో దాకా పోలేని ఇళ్ళు చాలా ఉండేవి. వాళ్ళ గడపల్లోకి ఫోటో వచ్చింది ప్రభుత్వ కాగితాల ద్వారా. 1993లో టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డులు ఇవ్వాలని నిర్ణయం జరిగింది. ఎందరో కూలీలకు, ఎందరో ముసలవ్వలకు బతుకులో దిగిన మొదటి ఫోటో అదే. నల్లగా, మసకగా, బెదిరిన చూపుతో ఉండే ఆ అగ్గిపెట్టంత బొమ్మ తీసినవాళ్ళకు అది ఒక నమూనాలో నింపిన గడి, అంతే. అలాగే రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, 2010 నుంచి ఆధార్.

కాగితం కోసం తీసిన ఆ ముఖం తర్వాత ఏమవుతుందో మా రోడ్డు పక్కన చిన్న స్టూడియో నడిపేవాళ్ళకు తెలుసు. ఇంట్లో మనిషి పోయిన రెండో రోజో మూడో రోజో కొడుకు ఓటరు కార్డు పట్టుకుని వస్తాడు. "దినాలకు పెద్ద ఫోటో కావాలె. అమ్మది ఇదొక్కటే ఉన్నది" అంటాడు. స్టూడియో ఆయన దాన్ని స్కాన్ చేస్తాడు. కార్డు మీది ముద్ర ముఖం మీద పడి ఉంటే జాగ్రత్తగా తీసేస్తాడు. వెనక నీలం రంగో, దేవుడి గుడో పెడతాడు. పాత చీర బదులు పట్టుచీర తొడుగుతాడు. ఒక్కోసారి ఇరవై ఏళ్ళ కింద పోయిన తండ్రి ఫోటో పక్కన తల్లి ఫోటో చేర్చి, ఇద్దరూ కలిసి దిగినట్టు చేసి ఇస్తాడు. బతికుండగా పక్కపక్కన కూర్చుని ఫోటో దిగని జంట గోడ మీద జంటగా నిలుస్తుంది. కొడుకు దాన్ని చూసి "అచ్చం అమ్మ లెక్కనే ఉన్నది" అన్నాడంటే ఆ పని అయినట్టు. నా దృష్టిలో ఇది చాలా గొప్ప పని. ఫోటోగ్రఫీ చరిత్రలు రాసేవాళ్ళు ఈ చిన్న స్టూడియోల దాకా రావాలి.

కానీ ఈ పనికి ఒక హద్దు ఉంది. అది నాకు మా పక్కనే ఉన్న దేవరయాంజాల్ వైపు ఒక ఇంట్లో తెలిసింది. ఆ ఇంటి అవ్వ రేకుపెట్టె తీసి, పాత పంచెలో చుట్టిన ఫోటో చూపించింది. అట్ట ఒక మూల చెదలు తిన్నది. అట్ట అడుగున స్టూడియో పేరు ఒత్తి ఉంది గానీ అరిగిపోయి చదవరావడం లేదు. కుర్చీలో తండ్రి, స్టూడియో కోటు చేతులు అతని వేళ్ళను కప్పేశాయి. పక్కన నిలబడ్డ తల్లి, ఆమె పాదాలకు వెండి కడియాలు. ముందు ఇద్దరు ఆడపిల్లలు. పెద్ద పిల్ల బొమ్మలా నిటారుగా ఉంది, అది ఈ అవ్వే. చిన్నపిల్ల ముఖం మాత్రం కదిలిపోయి తెల్లటి మసకగా ఉంది. ముక్కు లేదు, కళ్ళు లేవు, జుట్టుకు కట్టిన రిబ్బను ఒక్కటే ఆనవాలు పడుతుంది.

"ఈ పొల్ల ఎవరవ్వా?" అని అడిగాను.

"మా చెల్లె, బిడ్డా. జర నిలవడమంటె నిలవలె. ఫోటో ఆయన కదలకు, కదలకు అనుకుంటనే ఉన్నడు. అది మా అవ్వ కొంగు గుంజుతనే ఉన్నది."

"ఇంకో ఫోటో ఉన్నదా ఆమెది?"

"ఏడిది బిడ్డా. ఆ ఎండకాలమే తట్టు పోసి పోయింది. గిదొక్కటే."

మనవడు మధ్యలో అందుకున్నాడు. ఈ ఫోటో బాగు చేయిస్తానని తీసుకెళ్తే దుకాణంలో వాళ్ళు, ఆ పిల్ల ముఖాన్ని కూడా కంప్యూటర్‌లో సాఫ్‌గా చేసి ఇస్తామన్నారట. అవ్వ వద్దన్నది. "అది గట్లనే ఉండె. గట్లనే ఉండనీ" అన్నది. ఆ మసక మీద బొటనవేలితో నెమ్మదిగా రాసింది. అక్కడ అట్ట నున్నగా అరిగి ఉంది. ఎన్నేళ్ళ నుంచి అక్కడ రాస్తోందో.

అవ్వ అన్నది నూటికి నూరుపాళ్ళు సరి. ఇప్పుడు ఫోన్లలో వచ్చే యాప్‌లు మసకబారిన ముఖాన్ని నిమిషంలో మెరిసేలా చేస్తాయి. అవి అసలు ముఖాన్ని వెలికితీయవు. లేని కన్నును, లేని పెదవిని తమకు తోచినట్టు గీస్తాయి. మీ ముత్తవ్వ స్థానంలో ఎవరో పరాయి మనిషిని కూర్చోబెడతాయి. పట్టుచీర మార్చారా, వెనక రంగు మార్చారా, పర్వాలేదు, పాత స్టూడియో కోటు కూడా అలాంటిదే. ముఖం మాత్రం ముట్టుకోనివ్వకండి. బాగు చేయించినా, అసలు ఫోటోను పారేయకండి.

అవ్వలాగే ఒక్క ఫోటోను అపురూపంగా చూసుకున్నవాడు ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్. 1980లో ఆయన ఫోటోల గురించి 'కెమెరా లూసిడా' అనే పుస్తకం ప్రచురించాడు. 1977లో ఆయన తల్లి చనిపోయింది. ఆమె ఫోటోలన్నీ ముందేసుకుని, ఇది అమ్మే, ఇందులో అమ్మ ఉంది అనిపించే ఫోటో కోసం వెతికాడు. చివరికి దొరికింది 1898 నాటి ఫోటో. అందులో ఆమెకు ఐదేళ్ళు, ఏడేళ్ళ అన్న పక్కన గాజు కప్పు ఉన్న పూలతోటలో నిలబడి ఉంది. కొడుకుగా ఆయన చూసిన రూపమే కాదది. అయినా తన తల్లి మంచితనమంతా ఆ పసిపిల్లలో కనిపించిందని రాశాడు. పుస్తకంలో ఎన్నో ఫోటోలు వేశాడు, ఆ ఒక్కటి వేయలేదు. చదివేవాళ్ళకు అది ఎవరో పాప ఫోటో మాత్రమే అవుతుందని ఆయనకు తెలుసు. రేడియోలో నేను కూడా మీకు అవ్వ ఫోటో చూపించలేను. చూపించినా మీకు కనపడేది ఒక తెల్లటి మసకే. చెల్లె సంగతి అవ్వ చెప్తేనే నాకు తెలిసింది, నేను చెప్తే మీకు తెలిసింది.

మన దగ్గర ముఖాలను అలా శ్రద్ధగా చూసిన ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. కోరుట్ల నుంచి వచ్చిన బండి రాజన్‌బాబు హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ బడి పెట్టి ఎందరికో కళ్ళు తెరిపించాడు. వరంగల్ మనిషి గుడిమల్ల భరత్‌భూషణ్ మనుషులను రంగుల పరదా ముందుకు పిలవలేదు, తానే వాళ్ళ వాకిలి దగ్గరికి నడిచాడు. తెలంగాణ పల్లె ఇళ్ళ గోడలు, దర్వాజలు, బతుకమ్మ పేర్చే చేతులు ఆయన ఫోటోల్లో ఉన్నాయి. 2022లో ఆయన పోయాడు. ఆయన తీసిన ఇళ్ళలాంటివి మా ఊళ్ళో ఇప్పుడు వెతుక్కోవాలి.

పేరున్న ఫోటోగ్రాఫర్లే రావాలని లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటో మీరే తీయవచ్చు, అందరి చేతిలో ఫోన్ ఉంది. పెండ్లిలో మేకప్ వేసి తీసినవి కాకుండా, ఇంట్లో తీయండి. పొద్దున పూట గడప దగ్గర కూర్చోబెడితే ఒక పక్కనుంచి వెలుతురు ముఖం మీద పడుతుంది. ఫ్లాష్ వద్దు. ఫోన్‌ను వాళ్ళ కంటి ఎత్తులో పట్టుకోండి, మీదినుంచి వంగి తీయకండి. నవ్వమని అడగకండి. ఏదైనా అడిగి మాట్లాడనివ్వండి, చిన్నప్పుడు ఏ బాయిల ఈత నేర్చుకున్నావు తాతా, అనండి. మాటల్లో పడ్డాక తీయండి. చేతులను విడిగా తీయండి. విస్తరాకు కుట్టిన చేతులకు, కల్లు గీసిన చేతులకు ముఖంతో సమానంగా చెప్పేది ఉంటుంది. తీసినవాటిలో బాగున్న రెండు మూడింటిని ప్రింట్ వేయించండి. ఫోన్ పోతే పోయేవి ఫోటోలే.

పాత ఫోటోల సంగతి ఇంకా తొందరది. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మను నిలిపేది సన్నని వెండి రేణువులు, తడి తగలకుండా ఉంటే అది తరాలు ఉంటుంది. 1980ల నుంచి మన ఇళ్ళల్లోకి వచ్చిన రంగు ఫోటోల్లో ఉండేవి రసాయన రంగులు, ఎండ తగిలినా, ఏళ్ళు గడిచినా వెలిసిపోతాయి. అందుకే చాలా ఇళ్ళల్లో తాతల పెండ్లి ఫోటో బాగుంటుంది, తల్లిదండ్రుల పెండ్లి ఆల్బం ఎర్రబడి ఉంటుంది. చెమ్మ పట్టే గోడకు, సూటిగా ఎండ పడే గోడకు పటాలు వేలాడదీయకండి. జిగురు పేజీల ఆల్బంలో ఫోటోలు ఇరుక్కుపోయి ఉంటే గుంజకండి, ఉన్నది ఉన్నట్టు ముందు ఫోన్‌తో ఒక కాపీ తీసుకోండి. సెల్లోటేపు అసలే వద్దు.

ప్రతి ఫోటో వెనక పేర్లు రాయండి. అందుకు బాల్‌పెన్ను వాడకండి. అది ముందు వైపుకు ఒత్తుకుపోతుంది, సిరా కూడా దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, వెనక అంచున, తేలికగా రాయండి. ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో వెనక పెన్సిల్ పడకపోతే కవర్లో పెట్టి కవరు మీద రాయండి. 'అమ్మ', 'తాత' అని రాస్తే మీకే అర్థమవుతుంది, మీ మనవరాలికి అర్థం కాదు. ఇంటిపేరుతో సహా పేరు రాయండి. ఎవరి భార్య, ఎవరి బిడ్డ, ఏ ఊరు, సుమారుగా ఏ సంవత్సరం రాయండి. సంవత్సరం తెలియకపోతే "కొడుకు పుట్టిన ఏడాది", "చెరువు తెగిన ఏడాది" అని వాళ్ళు చెప్పినట్టే రాయండి. ఎడమ నుంచి కుడికి వరసగా రాయండి. పనిమనిషి, పాలేరు ఆ ఫోటోలో ఉంటే వాళ్ళ పేర్లు కూడా అడిగి రాయండి.

ఈ ఆదివారం సజ్జ మీది సంచి దింపండి. ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఒక్కొక్క ఫోటో చేతికిచ్చి అడగండి. వాళ్ళకు గుర్తున్నప్పుడే అడగండి.